ఆ మట్టి సచ్చిందన్నరు.. ఆయన నమ్మలే

మా ఊరికి పడమట దిక్కు, చెరువు అలుగు దాటినంక, సౌడు భూమి ఉంటది. ఎండకాలం తెల్లగ పొడి తేలి, దూరం నుంచి సూస్తె ఉప్పు ఆరబోసినట్టు కనబడతది. పట్వారీల కాలం నుంచి కాయితంల దాన్ని బంజరు అనే రాసుకుంట వచ్చిన్రు. గడ్డి మొలవదు, గొడ్లు ఆ దిక్కు మల్లవు. బట్టలుతికే అవ్వ ఒక్కతే ఆ సౌడు మన్ను గంపల ఎత్తుకపోయి, బట్టలు ఉడకబెట్టేది. ఆ మన్నుల ఏమన్న బతుకుతదా అని ఎవ్వరూ అడగలే. నేను గుడ అడగలే.

అడగాలనే బుద్ధి పుట్టింది మాత్రం ఒక పాత పుస్తకం వల్ల. ఇరవై ఏండ్ల కింద కోఠి ఫుట్‌పాత్ మీద కార్ల్ సాగన్ రాసిన కాస్మోస్ దొరికింది. అట్ట చినిగిపోయి ఉండె. నాకు వచ్చిన ఇంగ్లిషు అంతంత మాత్రం. డిక్షనరీ పక్కన పెట్టుకోని, నెలల కొద్దీ కుస్తీ పట్టి చదివిన. అందుల అంగారకుని గురించి రాసిన కాడ ఒక మనిషి కథ కొన్ని పేజీలల్ల వచ్చి పోతది. పేరు వుల్ఫ్ విష్నియాక్. అంగారకుని మీద జీవం ఉన్నదా అని ఎతికే పనిల, ఈ భూమి మీద మంచు గుట్టల నడుమ పానం పోగొట్టుకున్న మనిషి. అమెరికల సైన్సోళ్లకు తెలిసిన పేరే. మన దిక్కు బడి పుస్తకాలల్ల నేనైతే ఎక్కడ సూడలే. అందుకే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈ వారం ఆయన ముచ్చట.

వుల్ఫ్ 1922 ఏప్రిల్ 22న బెర్లిన్‌ల పుట్టిండు. యూదుల ఇల్లు. రష్యాల విప్లవం తర్వాత అక్కడి నుంచి జర్మనీకి వలస వచ్చిన కుటుంబం. తండ్రి రోమన్ విష్నియాక్ పేరున్న ఫొటోగ్రాఫర్. 1930లల్ల తూర్పు యూరప్ ఊర్లు తిరిగి పేద యూదుల వాడలు, బడులు, అంగళ్లు, బరువులు మోసే కూలీలు, అందరినీ కెమెరాల పట్టిండు. ఆ ఫొటోలల్ల ఉన్న జనంల చానమందిని తర్వాత హిట్లర్ మనుషులు సంపిన్రు. మనుషులు పోయిన్రు, ఫొటోలు మిగిలినయి. బెర్లిన్ వీధులల్ల నాజీల పోస్టర్లను ఫొటో తియ్యాలంటే అనుమానం రాకుంట చిన్న బిడ్డ మారాను వాటి ముందల నిలబెట్టేటోడు. పోలీసోని కండ్లకు బిడ్డను ఫొటో తీసుకునే తండ్రి కనబడతడు, అంతే.

అదే రోమన్‌కు ఇంకో పిచ్చి ఉండె. ఏడేండ్ల పోరగాడు అప్పుడే మైక్రోస్కోపుకు కెమెరా తగిలిచ్చి బొద్దింక కాలును ఫొటో తీసిండట. పెద్దగైనంక గుడ నీటి బొట్టుల తిరిగే జీవులను పానంతోని ఉన్నప్పుడే ఫొటో తీసుడు ఆయన పని. వుల్ఫ్ పెరిగింది ఆ ఇంట్ల. ఉత్త కంటికి ఏం కనబడని కాడ గుడ ఏందో ఉంటది, సూసే తీరు మార్చాలె అనే బుద్ధి ఆ పిలగానికి బడి కంటె ముందల ఇంట్లనే అబ్బింది అనుకుంట నేను.

యుద్ధం వచ్చింది. ఇల్లు చెల్లాచెదురైంది. ఫ్రాన్స్‌ల తండ్రిని పట్టుకపోయి క్యాంపుల పెట్టిన్రు. ఆఖరికి ఎట్లనో బయటపడి, అందరు లిస్బన్‌ల కలుసుకోని ఓడ ఎక్కిన్రు. 1940 ఆఖరి దినాలల్ల న్యూయార్క్ చేరిన్రు. వుల్ఫ్‌కు అప్పుడు పద్దెనిమిదేండ్లు. భాష కొత్త, దేశం కొత్త, జేబుల పైస లేదు. బ్రూక్లిన్ కాలేజీల చదివిండు, ఆ తర్వాత పడమటి కొసకు పోయి స్టాన్‌ఫర్డ్‌ల 1949ల పీహెచ్‌డీ చేసిండు.

ఆయన పట్టుకున్న సబ్జెక్టు గంధకం తిని బతికే బ్యాక్టీరియా. ఇక్కడ జర ఆగి చెప్పాలె. మనం బడిల నేర్చుకున్నది ఏంది? సూర్యుని ఎండతోని చెట్టు తిండి తయారు చేస్తది, చెట్టును మేక తింటది, మేకను మనిషి తింటడు. కని ఈ బ్యాక్టీరియాకు ఎండతోని పని లేదు, చెట్టుతోని పని లేదు. గంధకాన్ని గాలిల ఉన్న ఆక్సిజన్‌తోని కలిపి, అందుల పుట్టే శక్తితోని బతుకుతది. కార్బన్‌ను గాలి నుంచే గుంజుకుంటది. పనంతా అయినంక బయటికి ఇడిసేది సల్ఫ్యూరిక్ ఆసిడ్. బొగ్గు గనులల్ల నీళ్లు పుల్లగ మారి ఇనుప పైపులను తినేస్తయి సూడు, దాని ఎనుక ఈ జాతి జీవులే ఉంటయి. మన చెయ్యి కాలే ఆసిడ్‌ల అవి సంసారం చేస్తయి. యేల్ యూనివర్సిటీల పాఠాలు చెప్పుకుంట విష్నియాక్ వీటి మీదనే ఏండ్ల కొద్దీ పని చేసిండు. 1961ల రాచెస్టర్ యూనివర్సిటీకి పోయిండు.

రాయిని తిని, ఆసిడ్‌ల బతికే జీవం భూమి మీదనే ఉన్నప్పుడు, పక్క గ్రహం మీద ఏముందో ఇక్కడ కూసోని ఎట్ల చెప్తం? ఈ ప్రశ్న ఆయనను పట్టుకుంది. 1957ల రష్యా స్పుత్నిక్‌ను ఎగరేసింది. ఆ మరుసటేడు అమెరికా నాసా పెట్టింది. 1959ల నాసా జీవశాస్త్రం కోసం ఇచ్చిన మొట్టమొదటి గ్రాంటు విష్నియాక్‌కే దక్కింది. ఎంతనో తెలుసా? 4,485 డాలర్లు. అంగారకుని మీద జీవాన్ని కనిపెట్టే మిషను తయారు చేసుటందుకు.

మిషను సూస్తె మన ఇంటి ముచ్చటే. రాత్రి రుబ్బిన ఇడ్లీ పిండి పొద్దుగాల వరకు పొంగుతది, పులుస్తది. కమ్మటి గంజి రెండు దినాలు పెడితె మబ్బుగ అయితది. ఎందుకు? కంటికి కనబడని జీవులు అందుల పిల్లల మీద పిల్లలు పెట్టినయి కాబట్టి. విష్నియాక్ మిషను అంగారకుని మీది మన్నును ఇంత గుంజుకుంటది. పోషకాలు కలిపిన నీళ్లల్ల కలుపుతది. ఆ నీళ్ల గుండ వెలుగు పంపుతది. నీళ్లు మబ్బుబడితె వెలుగు చెదురుతది, అది ఒక గుర్తు. నీళ్లు పులిసినయా అన్నది ఇంకో గుర్తు. రెండూ కలిసి వస్తె, లోపల ఏదో పెరుగుతున్నదన్నట్టు. దోస్తులు దానికి ఆయన పేరు మీదనే వుల్ఫ్ ట్రాప్ అని పేరు పెట్టిన్రు. వుల్ఫ్ అంటె తోడేలు గద, తోడేలును పట్టే బోను లెక్క.

ఆ తర్వాత ఏండ్లు అంత తేలికగ గడవలే. 1965ల మారినర్-4 అంగారకుని పక్క నుంచి పోయి ఫొటోలు పంపింది. కాలువలు, పచ్చదనం ఉంటయని కలలు కన్నోళ్లకు గుంతల గుంతల బీడు కనబడింది. గాలి భూమి గాలిల నూటికి ఒక వంతు గుడ లేదు. అంత పల్చటి గాలిల నీళ్లు నిలబడవు, ఉంటె గడ్డ కడతయి, లేకుంటె ఆవిరైతయి. చాలమందికి ఆశ సచ్చిపోయింది. వైకింగ్ అనే రెండు మిషన్లను అంగారకుని మీద దించుడు అయితె ఖాయం చేసిన్రు. అందుల జీవాన్ని ఎతికే ప్రయోగాలు నాలుగు. విష్నియాక్‌ది అందుల ఒకటి.

ఇగ అసలు కొట్లాట భూమి మీద మొదలైంది. అంటార్కిటికా ఖండం అంతా కిలోమీటర్ల మందం మంచు అని మనకు తెలుసు. కని అక్కడ మెక్‌మర్డో స్టేషనుకు అవతలి దిక్కు, మంచు లేని లోయలు ఉన్నయి. డ్రై వ్యాలీలు అంటరు, ఎండు లోయలు. పెద్ద గుట్టలు అడ్డం ఉండుట వల్ల మంచు అటు జారి రాదు. పీఠభూమి మీది నుంచి కిందికి వచ్చే గాలి ఉన్న తడినంతా పీల్చుక పోతది. ఆన రాదు. పడిన కొద్దిపాటి మంచు గుడ కరగక ముందే గాలిల కలుస్తది. 1903ల రాబర్ట్ స్కాట్ మనుషులు మొదటిసారి వీటిని సూసి, సచ్చిన లోయలు అనుకున్నరు. ఎండు నేల, ఎముకలు కొరికే సలి, రాళ్లు. భూమి మీద అంగారకునికి దగ్గరి సుట్టం ఎవరంటె ఇదే.

నార్మన్ హొరోవిట్జ్ అని కాలిఫోర్నియాల పెద్ద జీవశాస్త్రవేత్త ఉండె. వైకింగ్‌ల ఆయన ప్రయోగం గుడ ఒకటి. ఆయన, ఆయన తోటోళ్లు ఆ లోయల మట్టి తెచ్చి పరీక్ష చేసిన్రు. కొన్ని నమూనాలల్ల ఏమీ పెరగలే. ఎక్కడన్న పెరిగినా అవి గాలికి కొట్టుకొచ్చిన బయటి జీవులు, ఆ జాగల పుట్టి పెరిగినయి కావు అని 1972ల రాసిన్రు. వాళ్ల లెక్క సూటిగ ఉన్నది. భూమి మీద అంత సలి, అంత ఎండు జాగల జీవం బతకనప్పుడు, దానికంటె వెయ్యి రెట్లు కష్టమైన అంగారకుని మీద ఎట్ల బతుకుతది?

హొరోవిట్జ్ తెలివి తక్కువ మనిషి కాదు. పక్కా సైంటిస్టు. ఇట్లాంటి కథలల్ల ఒకరిని దుష్మన్ చేసి ఇంకొకరిని దేవుణ్ని చేసుడు నాకు నచ్చదు. కని విష్నియాక్ అడిగిన ప్రశ్న సూడున్రి. మీరు మట్టిని ల్యాబుకు తెచ్చి, మీకు అలవాటున్న కమ్మటి తిండి పెట్టి, వెచ్చగ ఉంచి, పెరుగుతలేదంటున్నరు. ఏండ్ల కొద్దీ పస్తుండి, సలికి అలవాటు పడ్డ జీవి ముందల బిర్యానీ పెడితె తింటదా, సస్తదా? ల్యాబుకు తెచ్చుడు కాదు, అది ఉన్న కాడికే మనం పోవాలె అన్నది ఆయన పట్టు.

1971 ఆఖరుల, అక్కడ ఎండకాలం అప్పుడు, ఆయనే పోయిండు. అక్కడి ఎండకాలం అంటె గాలి గడ్డకట్టే సలి కంటె కిందనే, కని సూర్యుడు ఇరవై నాలుగు గంటలు ముంగడు. శుభ్రంగ ఉడకబెట్టిన గాజు పలకలను, కొన్నిటికి ఇంత పోషకం పూసి, ఆ మట్టిలనే పాతిపెట్టిండు. కొంత కాలం ఇడిసిపెట్టి, తీసి మైక్రోస్కోపు కింద సూసిండు. పలకల మీద సూక్ష్మజీవులు పెరిగినయి. సచ్చిందన్న మట్టి సావలే. ఎక్కడికక్కడ, మెల్లగ, తన లెక్కల తాను బతుకుతున్నది.

ఆ సంబురం నెల రెండు నెలలు గుడ నిలవలే. 1972 మార్చిల నాసా వుల్ఫ్ ట్రాప్‌ను వైకింగ్ నుంచి తీసి పక్కన పెట్టింది. ఖర్చు చెయ్యి దాటింది. వైకింగ్ మొత్తం ఖర్చు వంద కోట్ల డాలర్ల దగ్గరికి పోతున్నది. నాలుగు ల్యాబులను ఒక చిన్న పెట్టెల కుక్కుడు కష్టమైతున్నది. నాలుగిట్ల ఒకటి పోవాలె. పోయింది ఈయనది. ఎందుకంటె అన్నిట్ల ఎక్కువ నీళ్లు వాడేది అదే. నీళ్లే నిలవని గ్రహం మీద పుట్టిన జీవిని నీళ్లల్ల ముంచితె పెరుగుతదా, మునిగి సస్తదా అన్నది అవతలోళ్ల వాదన. నిజం చెప్పాలంటె ఆ వాదనల బలం ఉన్నది. ఎండు లోయల జీవికి ల్యాబు తిండి పెట్టొద్దన్న మనిషే, అంగారకుని జీవిని నీళ్లల్ల కలుపుతనంటె ఎట్ల అని నాకు గుడ అనిపిస్తది. ఆయన తానా దీనికి పూరా జవాబు ఉండెనా లేదా తెల్వదు. కని పన్నెండేండ్ల పని ఒక్క కాయితంతోని పోయినప్పుడు మనిషి ఎట్లుంటడో మనకు తెలుసు.

కుర్చీల కూసోని తిట్టుకుంట ఉంటె ఎవరు కాదంటరు? ఆయన అట్ల చెయ్యలే. వైకింగ్ జీవశాస్త్ర టీముల ఉండుకుంటనే, మిషను పోతె పోయింది, ప్రశ్న పోలేదు కద అనుకున్నడు. 1973 నవంబర్‌ల మల్ల అంటార్కిటికా బాట పట్టిండు. యాభై ఒక్కేండ్ల మనిషి. గుట్టలెక్కే జవాను కాదు, పాఠాలు చెప్పే పంతులు.

ఆస్‌గార్డ్ గుట్టల నడుమ, బాల్డర్ అనే శిఖరం దగ్గర క్యాంపు ఏసుకున్నరు. తోడు ఒక జియాలజిస్టు. ఏ జాగల ఎంత తేమ ఉంటది, ఎంత వేడి ఉంటది, ఎక్కడ ఏం పెరుగుతది అని తెలుసుకునేటందుకు అక్కడక్కడ గుర్తులు పెట్టి నమూనాల స్టేషన్లు నడిపిండు. ఒక్కో స్టేషనుకు నంబరు. కాలినడకన పోయి, పాతిపెట్టినయి తీసుకోని, మట్టి సంచిల ఏసుకోని, నోటుబుక్కుల రాసుకోని వచ్చుడు. సూసేటోళ్లకు మన ఊర్లె వానమాపకం కాడికి పోయి లెక్క రాసుకొచ్చే మనిషి పనే. అందుల సినిమా ఏం లేదు.

డిసెంబర్ 10. ఆ రోజు ఒక్కడే బయలెల్లిండు. రాత్రి పదిన్నరకు, రాత్రి అంటె పేరుకే, సూర్యుడు పైననే ఉన్నడు, 202 నంబరు స్టేషను నమూనా తీసుకున్నట్టు నోటుబుక్కుల రాసుకున్నడు. నేల మీద సున్నాకు పది డిగ్రీలు కింద, గాలిల పదహారు డిగ్రీలు కింద అని సలి లెక్క గుడ రాసిండు. ఆ నోటుబుక్కుల ఆఖరి రాత అదే. అంగారకుని మీద ఎండకాలం ఒక దినం సలి సుమారుగ గట్లనే ఉంటది.

రావాల్సిన యాళ్లకు రాలే. తోటి మనిషి ఎతుక్కుంట పోయిండు. మంచు వాలు కింద, జారి నూట యాభై మీటర్ల దాకా దొర్లిపోయిన జాగల శవం దొరికింది. ఆ వాలు మీదికి ఎందుకు పోయిండో చెప్పేటోళ్లు లేరు. ఏమన్న కంటబడిందా, కాలు తప్పిందా, సూసినోళ్లు ఎవ్వరూ లేరు.

కథ ఇక్కడితోని అయిపోతె నేను రాసేటోన్ని కాదు. ఆయన మోసిన సంచులు మిగిలినయి. అవి అమెరికకు, ఇంటికి చేరినయి.

ఆయన భార్య హెలెన్ సింప్సన్ విష్నియాక్ గుడ మైక్రోబయాలజిస్టే. ఈ మాట చానమంది భార్య అని రాసి ఇడిసిపెడతరు. మొగడు ఏ మట్టి కోసం పోయిండో, ఆ మట్టిని ఆమె ల్యాబుల ముంగట పెట్టుకోని కూసున్నది. అందుల నుంచి అంతకు ముందల ఎవరికీ తెల్వని ఒక ఈస్టు జాతిని బయటికి తీసింది. కల్లు పొంగించేటిది, రొట్టె పొంగించేటిది ఏ వంశమో, ఇదీ ఆ పెద్ద వంశంలనిదే, కాకుంటె మంచు ఎడారిల బతికేది. 1979ల దానికి శాస్త్రం పేరు పెట్టింది, క్రిప్టోకాకస్ విష్నియాకీ. తర్వాత ఏండ్ల తరబడి అంటార్కిటికా ఈస్టుల మీద ఆమె పని చేసుకుంటనే పోయింది.

ఇంకో సంచిల రాళ్లు ఉండె. అవి ఇమ్రే ఫ్రీడ్‌మన్ కోసం. ఈయన హంగరీల పుట్టిన యూదుడు, ఈయన గుడ హిట్లర్ కాలాన్ని దాటుకోని వచ్చినోడే. ఫ్లోరిడాల ప్రొఫెసర్. ఇజ్రాయెల్ నెగెవ్ ఎడారిల రాయి పగలగొట్టి, లోపల పచ్చటి నాచు బతుకుతుందని కనిపెట్టిన మనిషి. అంటార్కిటికా రాళ్లల్ల గుడ ఎతుకుత, పంపున్రి అని అడిగితె గ్రాంటు ఇయ్యలే. విష్నియాక్ ఆ ముచ్చట విని, నేను పోతున్న కద, రాళ్లు తెచ్చిస్త అని మాటిచ్చిండు. మాట ఇచ్చిన మనిషి రాలే. రాళ్లు వచ్చినయి. హెలెనే పంపిచ్చింది.

ఫ్రీడ్‌మన్, ఆయన భార్య రోసెలి ఒకాంపో (ఫిలిప్పీన్స్ బిడ్డ, ఎడారి నాచులను ల్యాబుల పెంచుడుల ఆమెకు ఆమే సాటి) ఆ ఇసుకరాళ్లను పగలగొట్టి సూసిన్రు. పైన ఉత్త రాయి. పొర కింద, ఒకటి రెండు మిల్లీమీటర్ల లోపల, సన్నటి గీత. పచ్చగ. పానంతోని.

ఎట్ల బతుకుతున్నదో సూస్తె మతి పోతది. ఆ ఇసుకరాయి గుండ జర వెలుగు పారుతది. ఎండకాలం సూర్యుడు రాయి మీద పడితె, గాలి గడ్డకట్టే సలిల ఉన్నా, రాయి లోపల వెచ్చబడతది. మీద పడ్డ ఇంత మంచు కరిగి రాతి రంధ్రాలల్లకు ఇంకుతది. ఆ సుక్క తడి, ఆ సన్నటి వెలుగు సాలు. గాలి కొట్టకుంట, ఎండల ఉండే కీడు కిరణం తాకకుంట, రాయే దానికి ఇల్లు. ఏడాదిల పని చేసేది కొన్ని వందల గంటలే, మిగిలిన కాలమంతా ముడుసుకోని పండుకుంటది. మంచు ఎడారి మీద జీవం ఎతికినోళ్లందరు మట్టినే ఎతికిన్రు, అది రాయిల దాసుకున్నది. ఈ ముచ్చట 1976 సెప్టెంబర్‌ల సైన్స్ పత్రికల అచ్చయ్యింది.

అదే ఏడు, జూలై 20న వైకింగ్-1, సెప్టెంబర్ 3న వైకింగ్-2 అంగారకుని మీద దిగినయి. మిగిలిన మూడు ప్రయోగాలు మట్టిని తోడి సూసినయి. ఒకదాంట్ల జీవం ఉన్నట్టే గుర్తు వచ్చింది. మిగిలినయి ఒప్పుకోలే. జీవానికి కావాల్సిన కార్బన్ సరుకు మట్టిల కనబడనే లేదు. చానమంది సైంటిస్టులు అది మట్టి రసాయనం ఆడిన ఆటే అని తేల్చిన్రు. ముప్పై రెండేండ్లకు, 2008ల ఫీనిక్స్ అనే మిషను అంగారకుని మట్టిల పెర్‌క్లోరేట్ అనే ఉప్పును పట్టింది. మట్టిని కాల్చి సూసినప్పుడు ఆ ఉప్పే ఉన్న కార్బన్ సరుకును గుడ కాల్చేసి ఉంటదని లెక్కలు మల్ల మొదలైనయి. ఆ పంచాయితి ఇప్పటికీ తెగలే.

వుల్ఫ్ ట్రాప్ పోయి ఉంటె జవాబు మారేదా? నాకైతె నమ్మకం లేదు. ఆ రాళ్ల లోపల నాచు కథ తెలిసినంక ఒకటి మాత్రం అర్థమైతది. వైకింగ్ చెయ్యి ఎత్తింది మట్టినే. అది రాయిని పగలగొట్టి సూసే మిషను కాదు. ఇప్పుడు అంగారకుని మీద తిరిగే బండ్లు రాయిని తొలుస్తయి, రాతి పొడి సూస్తయి. ఆ బండ్లకు ఏ రాయి అడగాలె, ఎట్ల అడగాలె అని నేర్పేటందుకు సైంటిస్టులు ఎండు లోయలకు, చిలీల అటకామా ఎడారికి, ఉడికే ఊటలకు తిరుగుకుంటనే ఉన్నరు.

ఉడికే ఊటలంటె యాదికొచ్చింది. విష్నియాక్ మంచు బాట పట్టక ముందే, థామస్ బ్రాక్ అనే ఇంకో మనిషి అమెరికల ఎల్లోస్టోన్ కాడ చెయ్యి కాలే వేడి నీళ్లల్ల బతికే బ్యాక్టీరియాను పట్టిండు. అందుల ఏం బతుకుతది అని పుస్తకాలల్ల రాసి ఉన్న కాలం అది. ఆ జీవి నుంచి తీసిన ఎంజైము లేకుంటె, కరోనా అప్పుడు మన ముక్కుల పుల్ల పెట్టి చేసిన ఆర్టీపీసీఆర్ టెస్టు ఇట్ల నడిచేది కాదు. పనికిరాని ముచ్చట అనుకున్నది యాభై ఏండ్లకు మన మండల దవాఖాన దాక వచ్చింది.

హొరోవిట్జ్ అన్నది పూరా తప్పా అంటె, అదీ కాదు. 2016ల అచ్చైన ఒక పరిశోధన యూనివర్సిటీ వ్యాలీ అనే ఇంకో ఎత్తు ఎండు లోయల తవ్వి సూసింది. బాగ ఎండి, బాగ గడ్డకట్టిన ఆ మట్టిల పని చేస్తున్న జీవం దొరకలే. అంటె భూమి మీద గుడ హద్దు ఉన్నది కావచ్చు. సచ్చిన మట్టి ఉండదని కాదు నేను చెప్తున్నది. సచ్చిందని రాసేముందు పోయి, వంగి, పగలగొట్టి సూసిన్రా లేదా అన్నదే నా లొల్లి.

మన హైదరాబాద్‌ల సీసీఎంబీ అని ఉన్నది కద, హబ్సిగూడల. అక్కడి సైంటిస్టులు అంటార్కిటికా నుంచి తెచ్చిన మట్టి, నాచుల నుంచి కొత్త బ్యాక్టీరియా జాతులను పట్టి, పేర్లు పెట్టిన్రు. 2005 ఏప్రిల్‌ల హైదరాబాద్ నుంచే ఇస్రో పెద్ద బెలూనును పైకి ఇడిసి, 20 నుంచి 41 కిలోమీటర్ల ఎత్తు వరకు గాలిని పట్టి తెచ్చింది. అందుల నుంచి మూడు కొత్త జాతులు దొరికినయని 2009ల చెప్పిన్రు. ఒకదానికి ఆర్యభట్ట పేరు, ఒకదానికి ఇస్రో పేరు, ఒకదానికి ఫ్రెడ్ హోయిల్ పేరు పెట్టిన్రు. బీఎస్సీ మైక్రోబయాలజీ చదువుకుంట, ఉద్యోగం రాదని మొకం ఏలాడేసుకోని కూసున్న చెల్లెళ్లు మా ఊర్లె ముగ్గురున్నరు. వాళ్లకు ఈ సంగతి ఏ సారూ చెప్పలేదట.

మొన్న నేను మా సౌడు భూమి కాడికి పోయిన. గడ్డపారతోని ఒక పెళ్ల లేపి సూసిన. కింద సన్నటి పచ్చ పొర. నాకేం మైక్రోస్కోపు లేదు. వాన కాలం నీళ్లు నిలిచినప్పుడు పుట్టిన నాచే కావచ్చు అనుకున్న. పెళ్లను మల్ల ఎట్లున్నదట్ల పెట్టి వచ్చిన.

విష్నియాక్ కొడుకుల్ల ఒకడు ఈతన్, ఖగోళ శాస్త్రవేత్త అయ్యిండు. తండ్రి పేరును అంగారకుని దక్షిణ కొస దగ్గరి ఒక పెద్ద గుంతకు పెట్టిన్రు. అడ్డం దగ్గర దగ్గర ఎనభై కిలోమీటర్లు, సుమారు హైదరాబాద్ నుంచి జనగామ అంత. ఏడాదిల చాన భాగం గడ్డకట్టిన సలిలనే ఉంటది. అందుల ఇంకా ఏ మిషనూ దిగలే.